ఆదివారం ఉతికిన జెర్సీ

కొన్నాళ్లపాటు మా ఇంట్లో సోమవారం ఉదయాలు ఒక సంచి జిప్పు తీయడంతో మొదలయ్యేవి. ఆ జిప్పు తీసే ముందు నేను ఊపిరి బిగబట్టేదాన్ని. మా అమ్మాయి కబడ్డీ ఆడుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టడం తనకు అలవాటే. నాకు మాత్రం ఈ వయసులో కొత్తగా వచ్చిన విద్య. సంచిలోంచి వచ్చే ఆ వాసనను ఏమనాలో, పిల్లలకు తెలుగు చెప్పుకుని బతికే నాకే మాట దొరికేది కాదు. పులిసిన పిండి వాసన కొంత, ముక్కిన బియ్యం వాసన కొంత, వానలో తడిసొచ్చిన కుక్క వాసన కొంత. అన్నీ కలిసి నీలం రంగు జెర్సీగా ఉండ చుట్టుకుని సంచి అడుగున కూర్చునేవి.

చెమట అంటే అందరూ ముఖం చిట్లిస్తారు గానీ, మామూలు చెమట పాపం మంచిదే. నూలు చొక్కాకు పట్టిన చెమట ఒక్క ఉతుకుతో పోతుంది. ఈ జెర్సీ గుడ్డ అలాంటిది కాదు. నీళ్లను తాగదు, ఒంటి జిడ్డును వదలదు. ఉతికి ఆరేశాక ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండదు. హమ్మయ్య, పోయిందనుకుంటాం. పిల్ల వేసుకుని కాస్త పరుగెత్తి, ఒళ్లు వెచ్చబడిందో లేదో, అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో మరి, మళ్లీ వచ్చేస్తుంది. రైలెక్కించి వచ్చాం కదా అనుకుంటే మనకంటే ముందే ఇంటికొచ్చి కూర్చున్న చుట్టంలాగా.

మేం తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటాం. మా ఆయన రేపల్లెలో కరెంటాఫీసులో పని చేస్తాడు. పొద్దున ప్యాసింజరుకు వెళ్లి సాయంత్రం ప్యాసింజరుకు వస్తాడు. నేను ఇక్కడే ఒక ప్రైవేటు బళ్లో తెలుగు టీచర్ని. మా అత్తయ్య మిషన్ బళ్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ టీచర్ గారే, నేను మాత్రం టీచర్ గారి కోడల్ని. ఇక మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. చదువుతోందని కాలేజీవాళ్లు అంటున్నారు. నేను చూసినంతవరకు ఆడుతోంది.

ఆడటం అంటే ఏదో ఆడటం కాదు. కబడ్డీలో మా పిల్ల కూతకెళ్లే మనిషి. అవతలివాళ్ల కోర్టులోకి ఒక్కతే వెళ్లి, ఊపిరి తీయకుండా కూత పెడుతూ, ఒకరిద్దరిని తాకి, వాళ్లు పట్టుకునేలోపు గీత దాటి ఇవతలికి రావాలి. ఇంట్లో గ్లాసుడు మంచినీళ్లు తెమ్మంటే పది వంకలు పెట్టే పిల్ల, అక్కడ నడుం వంచి, చేతులు చాచి, పిల్లిలా ఒక్కో అడుగూ వేస్తుంటే ఇది నా కడుపున పుట్టిందేనా అనిపిస్తుంది. నేను మెట్లు దిగేటప్పుడు కూడా గోడ పట్టుకునే రకం. దాని ధైర్యం నా దగ్గర్నుంచి రాలేదు. మా ఆయన దగ్గర్నుంచి వచ్చే ప్రశ్నే లేదు. ఎక్కడ నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది.

జిల్లా జట్టు కోసం శనివారాలు బాపట్లలో ప్రాక్టీసు పెట్టారు. నేర్పించే ఆవిడను అందరూ మేడమ్ అంటారు. ఆవిడ పిల్లలకు తలా ఒక జెర్సీ ఇచ్చి, ఆడినప్పుడల్లా ఇదే వేసుకోవాలి, సెలక్షన్ రోజున కూడా ఇదే ఉండాలి అని చెప్పారు. ఒక్కటే జెర్సీ, మార్చుకోవడానికి రెండోది లేదు. బాపట్లలో సముద్రం దగ్గర కాబట్టి గాలి వీస్తూనే ఉంటుంది గానీ అది ఉప్పగా, తడిగా ఉంటుంది. చెమట ఆరదు, జిగురులా పట్టుకుంటుంది. పిల్ల ఆడి ఆడి, ఆ తడి జెర్సీని విప్పి ఉండ చుట్టి సంచిలో కూరి జిప్పు వేసేది. శనివారం సాయంత్రం ఇల్లు చేరేది. సోమవారం తెల్లవారాక ఆ జిప్పు తీసేదాన్ని.

మధ్యలో ఆదివారం ఏమైందని ఎవరైనా అడుగుతారు. ఆదివారం మా ఇంట్లో బట్టలు తడపరు.

ఇది అత్తయ్య పెట్టిన నియమం. మా రెండు వైపులా లూథరన్ చర్చి కుటుంబాలే గానీ, మా పుట్టింట్లో ఇంత పట్టింపు లేదు. ఇక్కడ మాత్రం ఆదివారం బండ మీద బట్ట పడకూడదు, తీగ మీద గుడ్డ కనపడకూడదు. పోనీ శనివారం రాత్రే నానబెడదామంటే, నానబెట్టినదాన్ని ఆదివారం పిండాలి కదా, పిండటం కూడా పనే అంటారు. కోడికూర వండటం మాత్రం పని కిందికి రాదు. అదేంటండి అని పెళ్లయిన కొత్తలో అడిగాను.

"ఆకలి దేవుడిచ్చింది అమ్మాయ్. మురికి మనం చేసుకుంది. అది సోమవారం దాకా ఆగుతుంది," అన్నారు.

టీచరుతో వాదనకు దిగడం నాదే తెలివితక్కువ. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆదివారం అత్తయ్యను చూడటం నాకు ఇష్టం కూడా. శనివారం సాయంత్రమే చీరాల నేత చీర, తెల్లటిది, గంజి పెట్టి ఆరేసినది, మడతలు కత్తిలా నిలబడేలా ఇస్త్రీ చేసుకుంటారు. పొద్దున అది కట్టుకుని, బైబిలు చేతిలో పట్టుకుని గుమ్మం దిగితే ఆ మనిషి దగ్గర సబ్బు వాసన తప్ప ఇంకేదీ ఉండదు. ఎండాకాలంలో కూడా అంతే. ఇంత శుభ్రమైన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. అలాంటి ఇంట్లో ఆ జెర్సీ.

దాని మీద నేను చేయని ప్రయోగం లేదు. మా వీధిలో కుళాయి పొద్దున్నే కాసేపు వస్తుంది, తర్వాత అంతా బోరు నీళ్లే. ఆ నీళ్లలో నురగ రాదు. రాకపోతే ఏం చేస్తాం, ఇంకో గుప్పెడు పౌడరు వేస్తాం. అప్పటికీ వాసన పోకపోతే ఇంకో గుప్పెడు. ఒకసారి కోపమొచ్చి సలసల కాగే నీళ్లు పోశాను. వాసన అలాగే ఉంది, వీపు మీద నంబరు మాత్రం అప్పడంలా ముడుచుకుంది. బట్టలు ఘుమఘుమలాడతాయని చెప్పి అమ్మే లిక్విడ్ ఒకటి తెచ్చి మూత మీద మూత పోశాను. అప్పుడు మల్లెపూల వాసన, కుక్క వాసన కలిసి వచ్చాయి. విడివిడిగా ఉన్నప్పుడే నయం.

ఫోన్‌లో ఎవరో చెప్పారు, జెర్సీని కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే వాసన పుట్టించే క్రిములు చచ్చిపోతాయని. పెట్టాను. మర్నాడు అత్తయ్య రొయ్యల కోసం ఫ్రీజర్ తెరిచారు.

"అమ్మాయ్, ఇదేంటి? కబడ్డీని ఫ్రిజ్‌లో పెట్టావా?"

క్రిములు చావలేదు, కాస్త చల్లబడి విశ్రాంతి తీసుకున్నట్టున్నాయి. ఆ వారం జెర్సీకి రొయ్యల వాసన అదనంగా చేరింది. మా అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే, రేపల్లెలో ఆడిన ఆ శనివారం దాకా.

సెలక్షన్ సోమవారం బాపట్లలో అన్నారు. దానికి ముందు శనివారం రేపల్లె పిల్లలతో ఒక ఆట పెట్టారు. నేను కూడా వెళ్లాను. మా అమ్మాయి మొదటి కూతకే ఇద్దర్ని తాకి వచ్చేసింది. ఎవరూ పట్టుకోలేకపోయారు. నేను చప్పట్లు కొట్టాను. రెండో కూతకూ అంతే. మూడోసారి కాస్త దగ్గరగా చూశాను. మూలన నిలబడిన పిల్ల మా అమ్మాయి నడుం పట్టుకోవడానికి చేతులు చాచింది. అందేంత దూరంలోకి వచ్చాక టక్కున వెనక్కి తీసేసుకుంది. తీసుకుని నిక్కరుకు తుడుచుకుంది. ఆ పక్క పిల్ల కాలరులో ముక్కు దూర్చుకుని నవ్వుతోంది. మా అమ్మాయి తీరిగ్గా నడిచి వెనక్కి రావచ్చు, అడ్డమే లేదు. అయినా పరుగెత్తుకుంటూనే వచ్చింది.

నా వెనక కూర్చున్న పెద్దమనిషి ఒకాయన పక్కవాళ్లతో అన్నాడు. "ఆ పిల్లను పట్టడం ఎవరి తరం కాదండి. ముక్కు మూసుకోవడానికే చేతులు చాలట్లేదు కదా!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వెనక్కి తిరిగి, "మీ ఇంట్లో ఎవరికీ చెమట పట్టదా బాబాయ్ గారూ?" అన్నాను. ఆయన తలదించుకున్నాడు. కానీ అప్పటికే ఆ మాట కోర్టులోకి చేరిపోయింది. మా అమ్మాయి ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది.

గెలిచారు. అందరికంటే ఎక్కువ పాయింట్లు దానివే. ఆట అయ్యాక మిగతా పిల్లలంతా గంతులేస్తుంటే అది గోడ పక్కకు వెళ్లి జెర్సీ విప్పి, మామూలు చొక్కా వేసుకుని వచ్చింది.

"గెలిచావు కదే," అన్నాను.

"నేను కాదమ్మా గెలిచింది. జెర్సీ గెలిచింది," అంది.

మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. ఆవిడకు కోపం లేదు, జాలి కూడా లేదు. మోకాలి నొప్పికి కట్టు ఎలా కట్టాలో చెప్పినంత మామూలుగా చెప్పారు. "విప్పిన రోజే ఉతకాలండి. తడిది మూసిపెడితే వాసన గుడ్డలోకి దిగిపోద్ది. తిరగేసి, చంక భాగం, మెడ భాగం మంచినీళ్లలో జాడించాలి. పౌడరు చెంచాడు చాలండి, ఎక్కువ వేస్తే అది కూడా పోదు, లోపలే ఉండిపోద్ది. ఆ ఘుమఘుమల లిక్విడ్ అసలు ముట్టుకోకండి. గుడ్డ మీద పూతలాగా కూర్చుంటది, ఇక లోపలి జిడ్డు బయటికెలా వస్తది? మొండికేస్తే కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, గాలి తగిలే చోట ఆరెయ్యండి. రేపు పొద్దున్నే ఆ పని చేసేయండి, సోమవారానికి తయారైపోద్ది."

"రేపు ఆదివారమండి," అన్నాను.

"అవునండి. అయితే ఏంటి?" అన్నారు ఆవిడ.

ఎన్ని శనివారాల చెమటను మేం భక్తిగా సోమవారం దాకా మాగబెట్టామో అప్పుడు అర్థమైంది. పండ్లను గడ్డిలో పెట్టినట్టు పెట్టాం.

తిరుగు ప్యాసింజరులో మా అమ్మాయి నా పక్కన కూర్చోలేదు. తలుపు దగ్గర, మనుషులు లేని చోట, సంచిని కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడింది. భట్టిప్రోలు దాటాక నేనే లేచి వెళ్లాను.

"సోమవారం నేను రాను. ఇంక ఆడను. నువ్వే చెప్పు మేడమ్‌కి," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అంత పొడి గొంతుతో అది మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. అది ఆట మానేస్తే మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఒక్కసారిగా నాకు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. అత్తయ్య ముందు గదిలో బల్ల మీద దుప్పటి పరిచి ఆదివారం చీర ఇస్త్రీ చేసుకుంటున్నారు. మా అమ్మాయి సంచిని తలుపు వెనక విసిరేసి, నాయనమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. అడగకుండానే అంతా చెప్పేసింది. నేను మెత్తగా చెప్పాలనుకున్న సంగతిని అది ఉన్నదున్నట్టు, ఆ పెద్దమనిషి మాటతో సహా చెప్పింది.

అత్తయ్య ఇస్త్రీ పెట్టె పైకెత్తి పట్టుకుని విన్నారు.

"ఎవరూ పట్టుకోలేదా?" అన్నారు.

"లేదు."

"ఒక్కసారన్నా?"

"ఒక్కసారి కూడా లేదు నాయనమ్మా. దగ్గరికొచ్చి చేతులు లాగేసుకున్నారు."

ఆమె ఇస్త్రీ పెట్టె దించి, చీర అంచు వెంట మెల్లగా నడిపించారు. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కోపం చూపించాను. మా ఆయన వెనకే వచ్చాడు.

"పొద్దున కుళాయి రాగానే ఉతికేస్తాను. మీ అమ్మగారికి మీరు చెప్పండి," అన్నాను.

"నేనా?" అన్నాడు. స్తంభాలెక్కి హై ఓల్టేజీ తీగలు పట్టుకునే మనిషి. "నువ్వే చెప్పు. నువ్వంటే అమ్మకు గౌరవం."

"ఆ గౌరవం రేపటితో పోవాలనేగా మీ ఉద్దేశం!"

చివరికి నేనొక పథకం వేసుకున్నాను. పొద్దున తలనొప్పని పడుకుంటాను. వాళ్లు చర్చికి వెళ్లాక ఉతికి, స్నానాల గదిలో ఆరేసి తలుపు వేస్తాను. నలభై దాటిన ఆడదాన్ని, పిల్లలకు నీతులు చెప్పే టీచర్ని, ఒక జెర్సీ ఉతకడానికి దొంగలా ఆలోచించాను.

నేను లేచేసరికి పెరట్లో కుళాయి చప్పుడు వినిపిస్తోంది. ఎవరో తిప్పి వదిలేశారేమోనని వెళ్లాను. అత్తయ్య బండ దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చున్నారు. పాత చీర మోకాళ్ల మీదికి ఎగదోపుకున్నారు. పక్కన గిన్నెలో చితక్కొట్టిన కుంకుడుకాయల రసం. ఎదురుగా బకెట్లో, తిరగేసిన నీలం జెర్సీ.

నన్ను చూసి ఆమే అన్నారు. "నిలబడ్డావేంటి? ఇలా రా, చూడు."

బకెట్లో నురగ కనిపించింది. "కుంకుడు రసం ఎక్కువైనట్టుందండి," అన్నాను.

"రసం ఇంకా వెయ్యనే లేదు! వట్టి కుళాయి నీళ్లే పోశాను. ఇదంతా నువ్వు వేసిన పౌడరే. నీళ్లు పోసినకొద్దీ వస్తోంది."

నిజమే. నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లు పోస్తే మళ్లీ నురగ. నేను గుప్పెళ్లకు గుప్పెళ్లు పోసిన పౌడరంతా, ఆ మల్లెపూల లిక్విడ్ అంతా ఆ గుడ్డలో పేరుకుని ఉంది. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇద్దరం జాడించాం. మేడమ్ చెప్పింది గుర్తొచ్చి, ఫ్రైడ్ రైస్ కోసం కొన్న వెనిగర్ సీసా తెచ్చి బకెట్లో కాస్త పోశాను. కాసేపు నానబెట్టి పిండాక అత్తయ్య కుంకుడు రసం అరచేతిలోకి తీసుకుని, చంకల దగ్గర గుడ్డను రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి మెత్తగా రుద్దారు. తలకు పట్టిన నూనెను వదిలించేది ఈ జిడ్డును వదిలించదా అన్నారు. బండకేసి కొట్టలేదు, బ్రష్ పెట్టలేదు. పసిపిల్లకు తల రుద్దినట్టు రుద్దారు.

"ఆదివారం కదండి," అన్నాను చివరికి. ఆగలేకపోయాను.

"నాకు తెలీదా?" అన్నారు. చేతులు ఆగలేదు. "ఈ ఆదివారం ఎక్కడిదనుకున్నావు నువ్వు? చర్చిలో అయ్యగారు ప్రసంగంలో చెప్పిందనుకున్నావా? మా అమ్మది. చుండూరు అవతల మా ఊళ్లో నాట్లకీ, కుప్పలకీ ఎవరు పిలిచినా కూలికి వెళ్లేది. ఒంట్లో బాగోకపోయినా వెళ్లేది. 'రాను' అనే మాట ఆమె నోట్లోంచి వారంలో ఆదివారమొక్కటే వచ్చేది. రైతులు గుమ్మంలో నిలబడి పిలిస్తే, ఇవాళ ఆదివారమండి, రామండి, అనేది. ఆ మాట అన్నప్పుడు చూడాలి మా అమ్మని. ఎంత పొడుగ్గా ఉండేదో! అందుకని ఆ రోజు సొంత ఇంట్లో కూడా పనికి చెయ్యి పెట్టేది కాదు. బట్టలు అసలే కాదు."

నేను బండ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా తెలియదు.

"మరి ఇవాళ?"

"నాకు బడికి ఒక్కటే పరికిణీ ఉండేది అమ్మాయ్. శనివారం అదే కట్టుకుని అమ్మతో నాట్లకెళ్లేదాన్ని. ఆదివారం ఉతకడానికి లేదు. సోమవారం అదే కట్టుకుని బడికెళ్తే, బల్ల మీద నా పక్కపిల్ల ఇలా జరిగేది." తడిచేత్తో బండ మీద జానెడు దూరం చూపించారు. "మా అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె ఆదివారం ఆమెది. కానీ ఆ జరగడం ఉంది చూశావూ, అది మాత్రం నా మనవరాలికి వద్దు. దేవుడితో సంగతి నేను చూసుకుంటాలే. ఇటు పట్టుకో, పిండుదాం. మెలి తిప్పకు, సాగిపోద్ది."

మెలి తిప్పకుండా అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీశాం. అప్పుడు నాకు ఆమె పాదాల మీద పడాలనిపించింది. మా ఇళ్లల్లో అలాంటి అలవాటు లేదు కాబట్టి, బకెట్ కడిగి పెట్టాను.

ఆరేయడానికి నేను స్నానాల గది వైపు నడిచాను. అత్తయ్య నా చేతిలోంచి జెర్సీ తీసుకుని ఇంట్లోంచి ముందుకు నడిచారు. వీధి వరండాలో, రెండు స్తంభాల మధ్య తీగ మీద, హ్యాంగరుకు తగిలించి వేలాడదీశారు. చర్చికి వెళ్లే దారి మా ఇంటి ముందు నుంచే. ఇంకాసేపట్లో మా చర్చివాళ్లంతా ఆ వీధినే వెళ్తారు.

"అత్తయ్యా, పెరట్లో వేద్దామండి. అందరూ చూస్తారు," అన్నాను.

"పెరట్లో గాలి లేదు," అన్నారు.

తర్వాత స్నానం చేసి, గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని, బైబిలు పట్టుకుని ఎప్పటిలాగే గుమ్మం దిగారు. నాకు తలనొప్పి రాలేదు, నేనూ వెనకే నడిచాను. చర్చి గేటు దగ్గర ఒకావిడ వందనాలు చెప్పి, ఉండబట్టలేక అడిగేసింది. "ఏంటి టీచర్ గారూ, మీ వరండాలో ఏదో ఆరేసినట్టున్నారు?"

"మా మనవరాలి జెర్సీ అండి. రేపు బాపట్లలో దానికి ఆట ఉంది," అన్నారు అత్తయ్య, పండగ కబురు చెప్పినట్టు. ఆరాధనలో పక్కన కూర్చుంటే ఆమె చేతుల్లోంచి కుంకుడుకాయ వాసన వచ్చింది. ఆ రోజు పాటలు నేను ఎక్కువ గొంతెత్తి పాడాను.

మధ్యాహ్నానికి జెర్సీ ఆరింది. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. అయితే అలా నన్ను మోసం చేయడం దానికి కొత్త కాదు. మా అమ్మాయి దూరంగా నిలబడి చూస్తోంది. పొద్దున లేచి వరండాలో వేలాడుతున్న జెర్సీని చూసినప్పటి నుంచి ఆ పిల్ల దాని దగ్గరికి రాలేదు. ఆదివారం మా ఇంటి ముందు బట్ట ఆరడం అది పుట్టిన దగ్గర్నుంచి చూడలేదు.

"వేసుకుని పరుగెత్తిరా," అన్నారు అత్తయ్య.

వేసుకుంది. మంచి ఎండలో వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. నుదుటి మీద, మెడ మీద చెమట కారుతోంది. ఒళ్లు వెచ్చబడింది. ఎప్పుడూ సరిగ్గా అప్పుడే కదా వచ్చేది. నాయనమ్మ ముందు నిలబడి చెయ్యి పైకెత్తింది. అత్తయ్య కుర్చీలోంచి లేచి, చంక దగ్గర ముఖం పెట్టి, కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చారు. నేను ఊపిరి బిగబట్టాను.

"వస్తోంది," అన్నారు.

పిల్ల ముఖం వాడిపోయింది.

"వస్తోంది గానీ, ఇవాళ్టి చెమటే. పాతదేం లేదు. పరుగెత్తిన మనిషికి చెమట వాసన రాకపోతే రోగమొచ్చినట్టు. వెళ్లి స్నానం చేయి, అది తీసి ఇటివ్వు. మళ్లీ జాడించాలి."

అలా ఒకే ఆదివారం రెండుసార్లు ఉతికాం.

సోమవారం అత్తయ్య కూడా మాతో రైలెక్కారు. మనవరాలి ఆట చూడటం అదే మొదలు. బాపట్ల గ్రౌండులో రేకుల షెడ్డు కింద మా ఇద్దరికీ మేడమ్ కుర్చీలు వేయించారు. సెలక్షన్ సంగతి ముందే చెప్పేస్తాను, జట్టులో మా అమ్మాయి పేరు ఉంది. అయితే ఆ రోజు అనగానే నాకు గుర్తొచ్చేది అది కాదు.

రేపల్లె పిల్లలే అవతలి వైపు. మొదటి కూతకు మా అమ్మాయి వెళ్లింది. గీత దాటగానే దాని అడుగులు తడబడటం నాకు కనిపించింది. మూలన అదే పిల్ల. చేతులు చాచింది. మా అమ్మాయి ఆ చేతుల వంకే చూస్తోంది, తప్పించుకోవడం కూడా మర్చిపోయి. ఆ చేతులు వెనక్కి పోలేదు. ఆ పిల్ల ముందుకు దూకి దాని నడుం చుట్టేసింది. ఇంకో పిల్ల వచ్చి తొడలు పట్టుకుంది. మూడో పిల్ల మీద పడింది. నలుగురూ ఒక కుప్పగా కూలిపోయారు. అడుగున మా అమ్మాయి నీలం జెర్సీ, దాని వీపుకు ముఖం ఆనించి వదలకుండా పట్టుకున్న ఆ మూల పిల్ల.

విజిల్ వేశారు. మా అమ్మాయి ఔట్. అత్తయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

కుప్పలోంచి మా అమ్మాయి లేచింది. మోచెయ్యి దోక్కుపోయింది, జుట్టు నిండా మట్టి. ఔటైన మనిషి బయటికెళ్లి గీత పక్కన కూర్చోవాలి. అది తిన్నగా మా షెడ్డు వైపు పరుగెత్తుకొచ్చింది. ముఖమంతా నవ్వే.

"చూశావా నాయనమ్మా!" అని అరిచింది. "ఎంత గట్టిగా పట్టుకున్నారో చూశావా!"